చిల్లు కాణీ అంత బిళ్ళ... విమానాలకు ఊపిరి!

మా అమ్మమ్మ తాళంచెవుల గుత్తికి ఒక చిల్లు కాణీ వేలాడుతూ ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలం చివర్లో, 1943 నుంచి కొన్నేళ్లపాటు ముద్రించిన నాణెం అది. మధ్యలో గుండ్రటి చిల్లు. ఇప్పటి పిల్లల చేతికిస్తే కుళాయి వాషరనుకుంటారు. ఏ పనీ చేతకాని మా మావయ్యని అమ్మమ్మ చిల్లు కాణీకి కొరగావురా అని తిడుతుంటే, పాపం ఆ కాణీ ఏం తప్పు చేసిందా అని నాకు జాలేసేది.

అచ్చం అలాంటిదే, మధ్యలో చిల్లున్న చిన్న ఇత్తడి బిళ్ళ ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధవిమానాల ఇంజన్లు గాల్లో ఆగిపోకుండా కాపాడిందంటే నమ్ముతారా? దాన్ని తయారుచేసింది ఒక మాంసం కొట్టు యజమాని కూతురు. పేరు బీట్రిస్ షిల్లింగ్. చూశారా, ఆవిడ ఇంటిపేరు కూడా ఒక నాణెం పేరే!

ఆవిడ సంగతి చెప్పేముందు నా సంగతి రెండు ముక్కలు. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు బాగుచేసే షాపుండేది. ఆరు సిలిండర్లు వరసగా నిలబడి ఉండే లారీ ఇంజన్‌కి, పంపు నుంచి కూడా ఆరు పైపులు వెళ్తాయి. పంపు విప్పి, అరిగినవి మార్చి, టెస్టు బెంచీ మీద బిగించి మోటారుతో తిప్పితే ఎదురుగా ఉన్న ఆరు గాజు గొట్టాల్లోకి డీజిల్ పడుతుంది. ఆరింట్లోనూ ఒకే మట్టం రావాలి. ఒకదాన్లో ఎక్కువైతే ఆ సిలిండరు నల్లపొగ కక్కుతుంది. తక్కువైతే బండి ఘాట్ రోడ్డు ఎక్కనని మొరాయిస్తుంది. సమంగా వచ్చేదాకా సర్దడం, తిప్పడం, మళ్లీ చూడటం... తొమ్మిదో తరగతి నుంచీ సెలవుల్లో నేను అక్కడ కూర్చుని గొట్టాల్లో మట్టం చదివి నాన్నకి చెబుతుండేదాన్ని. డ్రైవర్లు వింతగా చూసేవాళ్లు. ఎదిగిన పిల్లని గ్రీజులో కూర్చోబెట్టావేమిటయ్యా అని నాన్నని మందలించిన పెద్దమనుషులూ ఉన్నారు. ఇంటర్ అయ్యాక షాపుకి వెళ్లడం మానేశాను. నాన్న మానమనలేదు. నిజానికి ఎవరూ మానమనలేదు. నేనే మానేశాను.

ఇప్పుడు మా చిన్నమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసింది. ఇంజన్లు పరీక్షించే విభాగంలో ఉద్యోగం వచ్చింది, చెన్నై వెళ్తానంటోంది. షిఫ్టు డ్యూటీలు. హాయిగా ఏసీ గదిలో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాదు. ఇంట్లో నెలరోజులుగా అదే గొడవ. ఆ గొడవ మధ్యలోనే అది నాకు బీట్రిస్ పేరు చెప్పింది. అప్పటికి విననట్టే ఊరుకున్నాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఆవిడ గురించి దొరికినదల్లా చదివాను.

బీట్రిస్ పుట్టింది 1909 మార్చి 8న, ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ ప్రాంతంలోని వాటర్లూవిల్ అనే ఊళ్లో. ఇప్పుడు మనం మహిళా దినోత్సవం చేసుకునే తేదీ అది! ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది. తోటి పిల్లలు చేతి డబ్బులు రిబ్బన్లకీ, మిఠాయిలకీ ఖర్చుపెడుతుంటే ఈ పిల్ల చాకులూ, స్పానరూ, జిగురు డబ్బా కొనుక్కునేదిట. పన్నెండేళ్లప్పుడు మెకానోతో నిజంగా తిరిగే రాట్నం చేసి ఒక పత్రిక పోటీలో బహుమతి కొట్టేసింది. మెకానో గుర్తుందా, చిల్లులున్న ఇనప ముక్కల్ని బుల్లి మరలతో బిగించి బొమ్మలు చేసే పెట్టె? మా తమ్ముడికి కొన్నారు. నాకు లక్కపిడతలు కొన్నారు!

పద్నాలుగేళ్లకి ఏకంగా మోటారు సైకిలే కొనేసింది. అదీ మనకి బాగా తెలిసిన రాయల్ ఎన్‌ఫీల్డే. నడిపి ఊరుకోలేదు. విప్పేది, లోపలేముందో చూసేది, మళ్లీ బిగించేది. ఇంజినీరు కావాలని అప్పుడే నిశ్చయించుకుంది.

నిశ్చయించుకుంటే సరా? 1920లలో ఆడపిల్లని వర్క్‌షాపులో చేర్చుకునేదెవరు? మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లంతా సైన్యానికి పోతే ఫ్యాక్టరీలు నడిపింది ఆడవాళ్లే. యుద్ధం అవగానే వాళ్లని ఇక ఇంటికి దయచేయమన్నారు. అలా వెళ్లడం ఇష్టంలేని కొందరు కలిసి 1919లో మహిళా ఇంజినీర్ల సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంలో మార్గరెట్ పార్ట్రిడ్జ్ అని ఒకావిడ. పల్లెటూళ్లకి కరెంటు వేసే కాంట్రాక్టులు తీసుకుని, పనిలో ఆడపిల్లల్ని పెట్టుకునేది. బీట్రిస్ అక్కడ చేరి మూడేళ్లు వైర్లు లాగింది, జనరేటర్లు బిగించింది. ఈ పిల్ల ఇక్కడ ఆగిపోకూడదనుకున్న పార్ట్రిడ్జ్, యూనివర్సిటీకి వెళ్లమని వెంటపడింది. 1929లో మాంచెస్టర్‌లో ఇంజినీరింగ్ సీటు. ఆ తరగతిలో అమ్మాయిలు ఇద్దరంటే ఇద్దరే. 1932లో డిగ్రీ, మరుసటేడు మెకానికల్‌లో ఎమ్మెస్సీ.

బయటికొచ్చేసరికి ప్రపంచమంతా ఆర్థికమాంద్యం. మగ ఇంజినీర్లకే ఉద్యోగాల్లేవు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ముక్‌లో అనే ప్రొఫెసరు దగ్గర ఇంజన్ల పరిశోధనలో సహాయకురాలిగా చేరింది.

ఇంజన్ని పరీక్షించడమంటే ఏమిటో మా అమ్మాయి కాలేజీ ల్యాబుకి తీసుకెళ్లి చూపించింది కాబట్టి నేను చెప్పగలను. ఇంజన్ని నేలకి బిగించేసి, తిరిగే చక్రానికి ఒక బ్రేకు తగిలిస్తారు. దాన్నే డైనమోమీటరంటారు. మా వాళ్ల ల్యాబులో పాతకాలం పద్ధతి, చక్రం చుట్టూ తాడు, తాడు చివర బరువులు. బరువు పెంచేకొద్దీ ఇంజను రొప్పుతుంది. ఎంత లాగుతోంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నవి రెండూ చూసి లెక్కకడితే గుర్రాల శక్తి తేలుతుంది. తర్వాత పెట్రోలు వెళ్లే జెట్ సైజు కాస్త మార్చి మళ్లీ చూస్తారు. స్పార్కు కాస్త ముందుకి జరిపి మళ్లీ చూస్తారు. అసలు కిటుకంతా ఒకసారికి ఒకటే మార్చడంలో ఉంది. సాంబారులో ఉప్పూ, పులుపూ, కారం ఒకేసారి సర్దితే ఏది ఎక్కువైందో మనకి మాత్రం తెలుస్తుందా? విసుగు పని. ఓపిక ఉన్నవాళ్లదే రాజ్యం.

బీట్రిస్ మాత్రం ల్యాబుతో ఆగలేదు. ఆవిడకి సొంత నార్టన్ మోటారు సైకిలుంది, ఒకే సిలిండరు, ఐదొందల సీసీ. దాన్ని విప్పి, మార్చి, బ్రూక్‌లాండ్స్‌లో పరుగెత్తించి చూసేది. లండన్‌కి దగ్గర్లో 1907లో కట్టిన కాంక్రీటు ట్రాకు అది. మలుపుల్లో గోడలా పైకి లేచి ఉంటుంది. గతుకులు కూడా. అలాంటి చోట పందెంలో గంటకి వంద మైళ్లు దాటి చుట్టు పూర్తిచేసిన వాళ్లకి బంగారు నక్షత్రం బ్యాడ్జి ఇచ్చేవారు. 1934 ఆగస్టు 24న బీట్రిస్ 106 మైళ్లతో చుట్టేసింది. మన లెక్కలో గంటకి 170 కిలోమీటర్లు! మోటారు సైకిళ్ల మీద ఆ బ్యాడ్జి సాధించిన ఆడవాళ్లు మొత్తం చరిత్రలో ముగ్గురే. ఫ్లారెన్స్ బ్లెంకిరన్, బీట్రిస్, థెరెసా వాలక్.

బండి తనే ట్యూన్ చేసుకుంది, తనే నడిపింది. ఇది నాకు చాలా నచ్చింది. ఎవరో తయారుచేసిచ్చిన బండెక్కి గెలవడం వేరు. నాన్న స్కూటరు ప్లగ్గు తీసి చూడగానే చెప్పేవాడు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువ తాగుతోంది, ఇటుక రంగులో ఉంటే బ్రహ్మాండం. మన గ్యాసు పొయ్యి మంట నీలంగా ఉందా, పసుపుగా ఉందా అని చూడటం లాంటిదే. బీట్రిస్ కూడా అలా ప్లగ్గు పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూసుకుంటూ ట్రాకు పక్కన నిలబడి ఉంటుందని ఊహించుకుంటే, ఎందుకో ఆవిడ బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో ఉద్యోగం. మొదట్లో బల్ల ముందు కూర్చోబెట్టి ఇంజన్ల పుస్తకాలు రాయించారు. గ్రీజు చేతులకి కలం పని! కొన్నాళ్లకి కార్బురేటర్ల విభాగానికి మారింది. అక్కడే పనిచేసే జార్జ్ నేలర్‌తో పరిచయం. 1938 సెప్టెంబర్‌లో పెళ్లి. బ్రూక్‌లాండ్స్‌లో నువ్వు కూడా వంద మైళ్ల బ్యాడ్జి తెచ్చుకున్నాకే పెళ్లి అని షరతు పెట్టిందని ఒక కథ. కట్టుకథ కూడా కావచ్చు. జార్జ్‌కి ఆ బ్యాడ్జి ఉన్నమాట మాత్రం నిజం.

కట్నం ఎంత, పిల్లకి వంటొచ్చా అని అడిగే పెళ్లిచూపులు చూసిన మనకి ఈ షరతు వింటే నవ్వొస్తుంది కదూ! ఇంకో సంగతి. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వోద్యోగాల్లో ఆడవాళ్లకి పెళ్లయితే రాజీనామా చేయాలనే నిబంధన ఉండేది. 1946 దాకా ఎత్తేయలేదు. మగవాళ్లతో సమానంగా జీతాలు రావడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది. అయినా బీట్రిస్ పెళ్లయ్యాక కూడా పనిలోనే ఉంది. యుద్ధం మొదలయ్యేసరికి కార్బురేటర్ల పరిశోధన బాధ్యత ఆవిడదే.

ఇక అసలు కథ. 1940. జర్మనీ విమానాలు ఇంగ్లండ్ మీదికి వస్తున్నాయి. వాటిని అడ్డుకునే హరికేన్లకీ, స్పిట్‌ఫైర్లకీ ఉన్నది మెర్లిన్ ఇంజను. పన్నెండు సిలిండర్లు, వెయ్యి గుర్రాలకి పైబడిన శక్తి. అంత గొప్ప ఇంజన్‌కీ ఒక జబ్బు. పైలట్ ముక్కు కిందికి పెట్టి ఒక్కసారిగా దూకించాడంటే ఇంజను ఠక్కున నీరసపడేది. ఇంకా దించితే నల్లపొగ కక్కి ఆగిపోయినా ఆగిపోయేది. జర్మన్ల మెసర్‌ష్మిట్‌కి ఆ బాధ లేదు. దాన్లో ఇంధనం నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ఆ సంగతి జర్మన్ పైలట్లకీ తెలుసు. వెంటబడితే చాలు, ముక్కు కిందికి పెట్టి జారుకునేవాళ్లు. తరుముకుంటూ వెళ్లాలంటే బ్రిటిష్ పైలట్ ముందు విమానాన్ని పల్టీ కొట్టించి అప్పుడు దూకాలి. ఆకాశంలో ఆ రెండు మూడు క్షణాలంటే ప్రాణమే. ఇక తరిమేది జర్మన్, తప్పించుకోవాల్సింది తనూ అయితే? ఆ ఇరవై ఏళ్ల కుర్రాళ్ల సంగతి ఆలోచించండి.

జబ్బెక్కడుందో అర్థం కావాలంటే డాబా మీద నీళ్ల ట్యాంకు గుర్తుచేసుకోండి. లోపల ఒక బంతి తేలుతుంటుంది. నీళ్లు నిండితే బంతి పైకి లేచి పైపు మూసేస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. కార్బురేటర్లో కూడా అలాంటి చిన్న గిన్నె, చిన్న తేలుడు బంతి ఉంటాయి. విమానం హఠాత్తుగా కిందికి దూకినప్పుడు గిన్నెలో పెట్రోలు అడుగు వదిలి పైకప్పుకి ఎగుస్తుంది. స్పీడుబ్రేకరు దిగేటప్పుడు బస్సులో మనం సీటు మీంచి ఎగిరినట్టు. ఇంజన్‌కి పెట్రోలు వెళ్లే రంధ్రాలేమో అడుగున ఉన్నాయి. ఓ క్షణం ఆకలి, అందుకే మొదటి నీరసం. అంతటితో పోయేది కాదు. పెట్రోలు పైకి పోయేసరికి బంతి తలకిందులై గిన్నె ఖాళీ అయిందనుకుని పైపు పూర్తిగా తెరిచేస్తుంది. పంపు బలంకొద్దీ తోసేస్తుంది. గిన్నె పొంగి ఇంజన్లోకి వరద. ఈ రెండోదే అసలు ప్రమాదం.

ఆకలితో పడిపోయిందనుకుంటాం, నిజానికి అజీర్తి! బీట్రిస్ కనిపెట్టిన చికిత్స ఎంత చిన్నదో చూడండి. కార్బురేటర్ ముందు పెట్రోలు పైపులో ఒక ఇత్తడి ముక్క పెట్టింది. మొదటిది దర్జీవాళ్లు వేలికి తొడుక్కునే అంగుస్తానాలా ఉండేది, తర్వాత ఇంకా తేలిక చేసి చదునైన బిళ్ళ చేశారు. మధ్యలో చిల్లు. ఆ చిల్లు ఎంతుండాలన్నదే అసలు లెక్క. ఇంజను పూర్తి శక్తితో నడిచినప్పుడు ఎంత పెట్రోలు కావాలో సరిగ్గా అంతే పోవాలి. చుక్క తగ్గితే విమానం పైకి ఎక్కేటప్పుడు నీరసపడుతుంది. పెరిగితే మళ్లీ వరద. ఇంజను లోపలికి గాలిని నొక్కిపంపే ఒత్తిడిని బట్టి రెండు సైజులు చేయాల్సివచ్చింది. మా నాన్న గాజు గొట్టాల ముందు కూర్చుని చేసిందీ ఇదే కదా అనిపించింది. చుక్కల లెక్క.

ఇంకో తెలివి కూడా ఉంది. కొత్త కార్బురేటర్ తయారయ్యేదాకా ఆగితే ఏళ్లు పడుతుంది. ఈ బిళ్ళకి విమానాన్ని సేవ నుంచి తప్పించనక్కర్లేదు. ఉన్నచోటే బిగించెయ్యొచ్చు. 1941 మార్చికల్లా చిన్న బృందాన్ని వెంటేసుకుని వైమానిక స్థావరాలన్నీ తిరిగింది. తను మాత్రం మోటారు సైకిల్ మీద. పందేల నార్టన్‌కే రేసు హంగులు తీసేసి, రోడ్డు బండిగా మార్చుకుంది మరి!

ఈ బిళ్ళ వల్లే బ్రిటన్ ఆకాశ యుద్ధం గెలిచిందని రాసేవాళ్లున్నారు. తేదీలు చూస్తే అది కుదరదు. ఆ పోరు 1940 అక్టోబర్‌తోనే ముగిసింది, బిళ్ళ వచ్చింది తర్వాత. పైగా మొదటి క్షణపు నీరసాన్ని అది తీర్చలేదు, తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడానికీ పనికిరాదు. ఆ లోపాలు లేని కొత్తరకం కార్బురేటర్లు వచ్చేదాకా అడ్డు పెట్టిన గట్టు అది. కానీ ఈ మధ్యకాలంలో రోజూ విమానమెక్కిన పైలట్ల దృష్టిలో అదేం చిన్న సంగతి కాదు.

దానికి ప్రభుత్వం పెట్టిన పేరు ఏదో నిబంధనల భాషలో ఉంది. పైలట్లు మాత్రం మిస్ షిల్లింగ్ రంధ్రం అని పిలిచేవాళ్లు. అందులో కొంటె అర్థం ఉందని వేరే చెప్పాలా? కృతజ్ఞతతో అన్నదేనని చాలామంది రాశారు. కావచ్చు. ఒక మగ ఇంజినీరు చేసుంటే అదే పేరు పెట్టేవాళ్లా అని నాకు అనుమానం. పెళ్లయి రెండున్నరేళ్లయినా ఇంకా మిస్సే!

భర్త జార్జ్ బాంబర్ పైలట్‌గా లాంకాస్టర్లు నడిపాడు. వాటికి ఉన్నవి నాలుగేసి మెర్లిన్ ఇంజన్లే. పగలంతా ఆ ఇంజన్ల లోపాలు వెతికే మనిషి, రాత్రి అదే ఇంజన్ల మీద భర్త శత్రుదేశానికి వెళ్తుంటే నిద్ర ఎలా పట్టేదో! ఆయన క్షేమంగా తిరిగొచ్చాడు.

యుద్ధం తర్వాత ఓబీఈ బిరుదు వచ్చింది. బ్లూ స్ట్రీక్ రాకెట్ మీద పనిచేసింది, తడిసిన రన్‌వే మీద విమానం బ్రేకులు ఎందుకు పట్టవో పరిశోధించింది. సరదా మాత్రం తగ్గలేదు. రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకి మారింది, అంతే. 1959లో, అంటే యాభై ఏళ్ల వయసులో, ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారుతో పందేల్లో దిగింది. మూడేళ్లపాటు మొగుడూ పెళ్లాం కలిసి బండి విప్పుకోవడం, ట్యూన్ చేసుకోవడం, ఆదివారం పందెం. యాభై దాటగానే మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే మా కిట్టీ పార్టీ గుర్తొచ్చింది నాకు.

1969లో రిటైరైంది. సర్రే యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1990 నవంబర్ 18న కన్నుమూసింది. సంస్థలో చివరిదాకా పైమెట్టు ఎక్కనివ్వలేదు. కారణం ఆడమనిషి కావడమా, పై అధికారులకి మొహం మీదే మాట చెప్పే అలవాటా? రెండూనేమో. 2015లో ఆవిడ గెల్చుకున్న బ్యాడ్జిలు వేలానికొస్తే బ్రూక్‌లాండ్స్ మ్యూజియం కొనుక్కుంది. 2018లో లండన్ దగ్గరి రాయల్ హాలోవే కాలేజీ తన ఇంజినీరింగ్ భవనానికి ఆవిడ పేరు పెట్టింది.

నాన్న పోయి ఆరేళ్లవుతోంది. షాపు లేదు. కొత్త లారీల్లో ఆ పంపులూ లేవు, అంతా కంప్యూటరే చూసుకుంటుందిట. ఆరు గాజు గొట్టాల్లో పగలకుండా మిగిలినవి రెండు, అటక మీద పాత చీరలో చుట్టి ఉన్నాయి. మొన్న దించి తుడిచాను. గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒకటి నేను తీసుకెళ్తానంది మా చిన్నది. ఆదివారం పినాకినిలో ప్రయాణం. హాస్టలు ఎలా ఉందో చూడటానికి నేనూ వెళ్తున్నాను. మా వారికింకా మనసొప్పలేదు. ఐదింటికల్లా గుమ్మం ముందుండాలని ఆటో మాత్రం మాట్లాడి పెట్టారు.